బంగారు ఆకుల పూల పొదలు – పెంపకం, కత్తిరింపు

పసుపు, నిమ్మపండు, బంగారు ఛాయల ఆకులతో పెరుగుతూ పూలు కూడా పూసే పొద మొక్కలకు ఉద్యానవనాల్లో ప్రత్యేక స్థానం ఉంది. పువ్వు కొన్ని వారాలే ఉంటుంది. ఆకు మాత్రం నెలల తరబడి తోటకు వెలుగునిస్తుంది. మన ఊళ్లలో రోడ్డు డివైడర్ల మీద, పార్కుల అంచుల్లో, అపార్ట్‌మెంట్ల ముందు కనిపించే గోల్డెన్ డురాంటా ఈ వర్గంలో అందరికీ తెలిసిన మొక్క. చలి దేశాల్లో ఆ స్థానాన్ని ఫిలడెల్ఫస్, స్పైరియా, ఎల్డర్, ఫైసోకార్పస్ వంటివి ఆక్రమించాయి.

ఈ మొక్కల పెంపకంలో కీలకమంతా కత్తిరింపులో ఉంది. బంగారు రంగు లేత చిగురులోనే బాగా పలుకుతుంది. పువ్వు మాత్రం కొన్ని జాతుల్లో నిరుటి కొమ్మ మీద, కొన్నింటిలో ఈ ఏటి కొమ్మ మీద వస్తుంది. కాబట్టి ఎప్పుడు కత్తిరించాం, ఎంత కత్తిరించాం అన్నదాన్ని బట్టే ఆకు దక్కుతుందా, పువ్వు దక్కుతుందా, రెండూ దక్కుతాయా అన్నది తేలుతుంది. ఈ లెక్క తెలియక ఏడాది పొడవునా ఒకే తీరున కత్తెర వేయడం వల్లే చాలాచోట్ల ఇవి పూల మొక్కలన్న సంగతే మరుగున పడిపోయింది.

ఆకుకు ఆ రంగు ఎలా వస్తుంది

మామూలు ఆకులో పత్రహరితం, కెరోటినాయిడ్లు రెండూ ఉంటాయి. పత్రహరితం ఎక్కువ కాబట్టి ఆకుపచ్చ రంగే కంటికి ఆనుతుంది, కెరోటినాయిడ్ల పసుపు దాని చాటున ఉండిపోతుంది. జన్యువులో మార్పు వచ్చి పత్రహరితం తయారీ మందగిస్తే ఆ పసుపు పైకి కనిపిస్తుంది. ఇలాంటి మార్పు ఒక్కోసారి విత్తనపు మొలకలో, ఒక్కోసారి పెద్ద మొక్క తాలూకు ఒకే కొమ్మలో మొదలవుతుంది. దాన్ని గుర్తించిన తోటమాలి ఆ కొమ్మను వేరు తొడిగించి కొత్త రకంగా నిలబెడతాడు.

ఈ రంగు మొక్కకు ఉచితంగా రాదు. జర్మన్ శాస్త్రవేత్త ఎర్విన్ బావర్ 1907లో స్నాప్‌డ్రాగన్ మొక్కల్లో దీన్ని స్పష్టంగా చూపించాడు. బంగారు ఆకుల మొక్కను మరో బంగారు ఆకుల మొక్కతో సంకరపరిస్తే బతికిన సంతతిలో బంగారువి రెండు వంతులు, ఆకుపచ్చవి ఒక వంతు తేలాయి. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ బంగారు లక్షణాన్నే పొందినవి పత్రహరితం లేక మొలక దశలోనే చనిపోయాయి. బంగారు మొక్కలన్నిటికీ ఇదే సూత్రం వర్తించదు. అయినా వీటిని విత్తనంతో కాకుండా కొమ్మలతోనే ఎందుకు పెంచుతారో ఈ ఉదాహరణతో అర్థమవుతుంది. పత్రహరితం తక్కువ కావడం వల్ల ఆహారం తయారీ కూడా తగ్గుతుంది. అందుకే బంగారు రకం తన ఆకుపచ్చ మూలరకం కంటే సాధారణంగా నెమ్మదిగా, పొట్టిగా పెరుగుతుంది.

రంగు నిలవడంలో ఎండ పాత్ర పెద్దది. గట్టి వెలుతురులో పత్రహరితం విరిగిపోతూ ఉంటుంది. ఈ మొక్కలు దాన్ని అంతే వేగంగా తిరిగి తయారు చేసుకోలేవు. నీడలో అది పోగుపడి ఆకు లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. గోల్డెన్ డురాంటా పొదలో పై కొనన ఒక ఆకు, లోపలి కొమ్మ నుంచి ఒక ఆకు తుంచి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. పై ఆకు చిన్నగా, మందంగా, నిండు పసుపుతో ఉంటుంది. లోపలి ఆకు వెడల్పుగా, పలుచగా, దాదాపు ఆకుపచ్చగా ఉంటుంది. రెండూ ఒకే మొక్కవి.

పసుపు రంగంతా బంగారం కాదు

మొక్క రకం వల్ల వచ్చిన పసుపునూ, లోపం వల్ల వచ్చిన పసుపునూ వేరు చేసి చూడాలి. ఇనుము లోపిస్తే ముందుగా లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా మిగిలి, ఈనెల మధ్య భాగం పాలిపోతుంది. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో ఇది తరచూ కనిపిస్తుంది. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. నత్రజని లోపిస్తే కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కి రాలతాయి. నీరు నిలిచి వేర్లు కుళ్లినా ఆకు పసుపెక్కుతుంది, కానీ అది వేలాడిపోయి నిస్తేజంగా ఉంటుంది. రకపు బంగారం అలా ఉండదు. చిగురు బలంగా, ఆకు బిరుసుగా, ఎండ తగిలే కొమ్మలన్నిటా రంగు ఒకే తీరుగా ఉంటుంది.

రోగమే అందమైన సందర్భం కూడా ఒకటుంది. అబుటిలాన్‌లో థాంప్సోనై అనే రకం ఆకుల మీద పసుపు మచ్చలు గచ్చు పలకల్లా పరుచుకుని ఉంటాయి. 19వ శతాబ్దంలో వెస్టిండీస్ నుంచి ఇంగ్లండు చేరి, ఐరోపా తోటల్లో ఇది ఎంతో ఆదరణ పొందింది. ఆ మచ్చలకు కారణం ఒక వైరస్. అంటు కడితే ఆ మచ్చలు ఆకుపచ్చ మొక్కకూ పాకుతాయని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో బావరే నిరూపించాడు. మన మినుము, పెసర పైర్లలో తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు వైరస్ కూడా ఈ కోవలోదే.

చల్లని ప్రాంతాల జాతులు

దక్షిణ ఐరోపాకు చెందిన ఫిలడెల్ఫస్ కొరొనేరియస్‌లో ఆరియస్ అనే రకం వసంతంలో నిమ్మపసుపు ఆకులు వేస్తుంది. వేసవి మొదట్లో నారింజ పూలను తలపించే పరిమళంతో తెల్లని పూలు పూస్తుంది. మధ్యాహ్నపు ఎండకు దీని ఆకు అంచులు మాడతాయి కాబట్టి పలుచని నీడలో నాటతారు.

తూర్పు ఆసియాకు చెందిన స్పైరియా జపానికాలో గోల్డ్‌ఫ్లేమ్ రకం చిగురు రాగి రంగుతో మొదలై బంగారు రంగుకు, తర్వాత లేత ఆకుపచ్చకు మారుతుంది. నడి వేసవిలో గులాబీ రంగు పూగుత్తులు వస్తాయి. ఉత్తర అమెరికాకు చెందిన ఫైసోకార్పస్ ఒపులిఫోలియస్‌లో డార్ట్స్ గోల్డ్, ఎర్రకాయల ఎల్డర్‌లో ప్లుమోసా ఆరియా, సదర్లాండ్ గోల్డ్ పేరున్న రకాలు. సదర్లాండ్ గోల్డ్ కెనడాలోని సస్కాచెవాన్‌లో తయారైంది. చీలికల ఆకులున్నా ప్లుమోసా ఆరియా కంటే ఎండను బాగా తట్టుకుంటుంది.

మెక్సికో మూలాలున్న ఛోయిస్యా టెర్నాటాలో సన్‌డాన్స్ ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటుంది, పూలు మాత్రం ఆకుపచ్చ రకంలో వచ్చినంతగా రావు. కారియోప్టెరిస్‌లో వూస్టర్ గోల్డ్ వేసవి చివర పసుపు ఆకుల నడుమ నీలం పూలు పూస్తుంది. హిమాలయాల పొద లైసెస్టీరియా ఫార్మోసాకు ఆ పేరు బెంగాల్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన విలియం లైసెస్టర్ మీదుగా నథానియల్ వాలిచ్ పెట్టాడు. అందులో గోల్డెన్ లాంటర్న్స్ అనే బంగారు రకం ఈనాడు బ్రిటిష్ తోటల్లో పెరుగుతోంది.

ఈ జాతుల్లో చాలావాటికి చలికాలపు విశ్రాంతి కావాలి. కోస్తా, తెలంగాణ మైదానాల్లో ఇవి నిలదొక్కుకోవు. ఉత్తర అమెరికా, ఐరోపాల్లో ఇళ్లు కట్టుకున్న తెలుగువారికి మాత్రం పెరటి మొక్కలుగా ఇవే ఎదురవుతాయి.

ఉష్ణ ప్రాంతాల జాతులు

గోల్డెన్ డురాంటా అసలు జాతి డురాంటా ఎరెక్టా. మెక్సికో, కరీబియన్ దీవులు మొదలుకుని దక్షిణ అమెరికా దాకా దీని సొంత నేల. ఇటలీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త కాస్టోరే డురాంటే పేరు మీద ఈ ప్రజాతి పేరును లిన్నేయస్ 1753లో ప్రకటించాడు. కత్తిరించకుండా వదిలేసిన ఆకుపచ్చ రకం 3 మీటర్లు దాటి పెరుగుతుంది. కొమ్మల చివర వేలాడే నీలి, ఊదా పూగుత్తులు, ఆ తర్వాత ముత్యాల్లాంటి పసుపు కాయలు దీని అందం. బంగారు ఆకుల రకాల్లో గోల్డ్ మౌండ్, షీనాస్ గోల్డ్ ప్రసిద్ధం.

పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన సూడెరాంథిమమ్‌లో బంగారు ఈనెల వల పరిచిన రకం మన ఊళ్లలో కాంపౌండు గోడల వెంట కనిపిస్తుంది. తెల్లని చిన్న పూల మధ్య ఊదా చుక్కలుంటాయి. దక్షిణ అమెరికాకు చెందిన సాంచెజియా పెద్ద ఆకుల మీద పసుపు ఈనెలు గీతలు గీసినట్టుంటాయి, కొమ్మ చివర పసుపు గొట్టాల పూలు నిలబడతాయి. కుఫియాలో బంగారు ఆకుల రకం మోకాలి ఎత్తు కూడా దాటదు. ప్రతి కణుపు దగ్గరా చిన్న ఊదా పువ్వు వేస్తుంది కాబట్టి తేలికగా కత్తిరించినా త్వరలోనే మళ్లీ పూస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన మెలల్యూకా బ్రాక్టియాటాలో రెవల్యూషన్ గోల్డ్ సన్నని సూదుల్లాంటి ఆకులతో నిలువుగా పెరుగుతుంది. చిన్నప్పటి నుంచి కత్తిరిస్తే పొదగా, వదిలేస్తే చిన్న చెట్టుగా తయారవుతుంది. ఆకుల మీద పసుపు పట్టీలున్న బోగన్‌విల్లా రకాలనూ ఈ వర్గంలోనే చేర్చవచ్చు.

చోటు, నేల, నీరు

డురాంటా, మెలల్యూకా, బోగన్‌విల్లా రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలే చోట నిండు రంగు చూపుతాయి. సూడెరాంథిమమ్, సాంచెజియాలకు ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ సరిపోతుంది. తూర్పు గోడ పక్కన ఇవి బాగా వస్తాయి. ఆకు అంచులు గోధుమ రంగుకు మాడుతుంటే దానికి కారణం ఎండ ఒక్కటే అనుకోకూడదు. వేర్ల దగ్గర తేమ చాలక, వడగాలి తోడైనప్పుడే మాడుడు ఎక్కువ. తేమ సరిగా ఉంటే డురాంటా మన వేసవిని తట్టుకుంటుంది.

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొద్దిగా ఇసుక కలిపిన నేల వీటికి నప్పుతుంది. నల్లరేగడిలో నాటేటప్పుడు గుంత అడుగున ఇసుక నింపి వదిలేస్తే ఆ గుంతలోనే నీరు నిలుస్తుంది. దానికంటే మట్టిని గట్టులా ఎత్తి, ఆ గట్టు మీద నాటడం మేలు. కంచెగా పెంచడానికి మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు, అంచు వరుసకైతే 15 నుంచి 20 సెంటీమీటర్లు, పూల కోసం విడిగా పెంచే పొదకు 1 నుంచి 1.5 మీటర్ల ఎడం ఇస్తారు.

నత్రజని ఎరువు మితంగా వేయాలి. ఎక్కువైతే పొడవాటి మెత్తని కొమ్మలు వస్తాయి, పూత తగ్గుతుంది, రసం పీల్చే పురుగులు చేరతాయి. ఏడాదికి రెండుసార్లు, కత్తిరింపు తర్వాత, వర్మీకంపోస్టుతో కొద్దిగా వేపపిండి కలిపి మొదళ్ల చుట్టూ వేస్తే చాలు. ఎండాకులతో, కొబ్బరి పీచుతో మొదళ్లు కప్పితే తేమ నిలుస్తుంది.

కత్తిరింపు సూత్రాలు

కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది కణుపుల్లోని మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన తీసేస్తే ఆ అదుపు పోయి కింది మొగ్గలు మేలుకుంటాయి. ఎదురెదురు ఆకులున్న డురాంటాలో కత్తెర పడిన చోట ఒక కొమ్మకు బదులు రెండు చిగుళ్లు వస్తాయి. కత్తిరించిన పొద గుబురుగా తయారవడం, కొత్త చిగురుతో బంగారు రంగు మెరవడం ఇందువల్లే.

పువ్వు సంగతి వేరు. ఇక్కడ జాతులను రెండుగా విడదీయాలి.

నిరుటి కొమ్మ మీద పూసేవి మొదటివి. ఫిలడెల్ఫస్, ఫైసోకార్పస్, ఎర్రకాయల ఎల్డర్ ఈ కోవలోవి. వీటి పూమొగ్గలు ముందు ఏడే కొమ్మలో సిద్ధమవుతాయి. చలికాలంలో కత్తిరిస్తే ఆ ఏటి పూత పోయినట్టే. పూత ముగిసిన వెంటనే, పూసిన కొమ్మలను కిందనున్న బలమైన చిగురు దాకా తీసేసి, ముదురు కాండాల్లో నాలుగో వంతును మొదలంటా కోయాలి. అలా చేస్తే కొత్త కొమ్మ ముదరడానికి, మొగ్గ కట్టడానికి ఏడాదంతా గడువు దొరుకుతుంది.

ఈ ఏటి కొమ్మ మీద పూసేవి రెండోవి. స్పైరియా జపానికా, కారియోప్టెరిస్, డురాంటా, కుఫియా ఇందులో చేరతాయి. చలి దేశాల్లో వీటిని వసంతారంభంలో గట్టిగా కత్తిరిస్తారు. ఆ కోతతో వచ్చిన చిగురులోనే బంగారమూ పువ్వూ రెండూ ఉంటాయి. మన మల్లె రైతులకు ఈ కిటుకు కొత్త కాదు. చలికాలంలో నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, తర్వాత ఎరువు వేసి నీరు పెడతారు. వేసవి పూత ఆ కొత్త చిగుళ్ల మీదే వస్తుంది.

ఎల్డర్ విషయంలో ఈ రెండింటి మధ్య ఎంపిక సూటిగా ఉంటుంది. చలికాలం చివర మొదలంటా కోస్తే పెద్ద పెద్ద ఆకులతో కళ్లు చెదిరే పొద వస్తుంది, పువ్వు రాదు. కోయకుండా వదిలితే పూలూ కాయలూ వస్తాయి, ఆకు చిన్నదవుతుంది. కాండాల్లో సగం కోసి సగం వదిలేవారికి రెండూ కొంత కొంత దక్కుతాయి.

డురాంటా: నెలవారీ కత్తెర తెచ్చే నష్టం

డురాంటా కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి ఎంత కత్తిరిస్తే అంత పూయాలి అనిపించవచ్చు. నిజానికి పూగుత్తి కొమ్మ కొసన కట్టాలంటే ఆ కొమ్మ కొంతకాలం నిరాటంకంగా సాగాలి. మూడు, నాలుగు వారాలకోసారి పైనంతా చదునుగా కోసే చోట మొగ్గ కట్టే ముందే కొన తెగిపోతుంది. ఏళ్ల తరబడి డివైడర్ల మీద ఉన్న డురాంటా వరుసల్లో ఒక్క పువ్వూ కనిపించకపోవడానికి కారణం ఇదే.

చదునైన కోత మరో చేటు కూడా చేస్తుంది. పై పొర దట్టమై లోపలికి వెలుతురు చేరదు. అలాంటి పొదను చేతులతో విప్పి చూస్తే పైన నాలుగు వేళ్ల మందాన బంగారు ఆకు, దాని కింద అంతా ఎండు పుల్లలే. ఒక్కసారి కత్తెర కాస్త లోతుగా దిగితే ఆ పుల్లలు బయటపడతాయి.

దీనికి విరుగుడు రెండు పనులు. ఒకటి, ఏడాదికోసారి పలచన చేయడం. సికేచర్ అని పిలిచే చేతి కత్తెరతో ఎండు కొమ్మలను, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను, ముదురు కాండాల్లో మూడో వంతును మొదలు దగ్గర తీసేయాలి. మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది. రెండు, కంచె పక్కలను ఏటవాలుగా ఉంచడం. అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా ఉంటే కింది ఆకులకూ ఎండ అంది మొదలు బోడిగా మారదు.

కార్తెల వారీగా చూస్తే, మృగశిరలో తొలి వానలు పడ్డాక గట్టి కత్తిరింపు చేయాలి. అప్పుడు వచ్చిన చిగురును వానాకాలమంతా వదిలేస్తే పూత వస్తుంది. పూత, కాయ ముగిశాక చలికాలంలో పలచన చేసి, ఫిబ్రవరిలో తేలికగా ఆకారం దిద్ది ఎరువు వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, లోతుగా కోయకూడదు. అప్పటిదాకా నీడన ఉన్న లోపలి ఆకులు, బెరడు ఒక్కసారిగా ఎండకు గురై మాడిపోతాయి.

కోత పెట్టే తీరు

కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి. తెగులున్న మొక్కను కోసిన తర్వాత అలుగులను స్పిరిట్‌తో తుడవాలి. కణుపుకు సుమారు అర సెంటీమీటరు పైన కోయాలి. మరీ దగ్గరైతే మొగ్గ ఎండుతుంది, మరీ ఎడమైతే మిగిలిన మొండెం కుళ్లుతుంది. ఒంటి ఆకు కణుపుల మొక్కలో కోత మొగ్గకు ఎదురు వైపు వాలాలి, ఎదురెదురు ఆకుల మొక్కలో వాలు లేకుండా తిన్నగా అడ్డంగా ఉండాలి.

బంగారు పొదలో అప్పుడప్పుడు పూర్తి ఆకుపచ్చ కొమ్మ లేస్తుంది. దీన్ని చూసీ చూడనట్టు వదలకూడదు. దానికి పత్రహరితం ఎక్కువ, బలం ఎక్కువ, వేగం ఎక్కువ. రెండు మూడేళ్లలో పొదనంతా కమ్మేస్తుంది. కొన తుంచితే చాలదు, అది పుట్టిన చోటు దాకా వెళ్లి మొదలంటా తీసేయాలి. స్పైరియా గోల్డ్‌ఫ్లేమ్‌లో, డురాంటాలో ఇది తరచుగా జరిగే విషయం.

కొత్త మొక్కలు

కత్తిరింపులో వచ్చిన కొమ్మలే కొత్త మొక్కలకు ఆధారం. 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మలను తీసుకుని కింది ఆకులు తుంచి, కణుపు కింద కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చుతారు. వానాకాలంలో, షేడ్‌నెట్ నీడలో, డురాంటా సాధారణంగా నెల రోజుల్లో వేరు పడుతుంది. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ప్రాంతాల నర్సరీలు అలంకరణ మొక్కలను ఈ తీరున పెంచి దేశం నలుమూలలకూ పంపుతున్నాయి. కొమ్మలు ఎంచేటప్పుడు నిండు రంగున్న ఆరోగ్యమైన కొమ్మనే తీసుకోవాలి. ఆకుపచ్చకు తిరిగిన కొమ్మ ఆకుపచ్చ మొక్కనే ఇస్తుంది.

చీడపీడలు, జాగ్రత్తలు

తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగులు రసం పీల్చి ఆకుల మీద జిగురు వదులుతాయి. ఆ జిగురు మీద నల్లని మసి బూజు పట్టి బంగారు రంగు మాసిపోతుంది. పొద లోపల గాలి ఆడేలా పలచన చేయడం మొదటి మందు. ఆ తర్వాతే వేపనూనె పిచికారీ.

డురాంటా కాయలూ ఆకులూ విషపూరితం. కాయలు తిన్న పిల్లలు, పెంపుడు జంతువులు అస్వస్థతకు గురైన సంఘటనలు ఆస్ట్రేలియా వంటి దేశాల్లో నమోదయ్యాయి. బడుల దగ్గర, పిల్లలు ఆడే చోట దీన్ని పూతకు వదిలితే కాయ కట్టే ముందే వాడిన గుత్తులను తుంచేయాలి. ఆ కాయలను పిట్టలు తిని గింజలను దూరాలకు చేరవేస్తాయి. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, పసిఫిక్ దీవుల్లో డురాంటా కలుపు మొక్కగా పాకిపోయింది. అడవులకు, వాగులకు దగ్గరగా ఉన్న తోటల్లోనూ ఈ జాగ్రత్తే పాటించాలి.

తోటలో అమరిక

ముదురు ఆకుపచ్చ, ఊదా ఆకుల మొక్కల ముందు బంగారు పొద బాగా తేలుతుంది. అన్నీ బంగారువే నాటితే కంటికి విశ్రాంతి ఉండదు, దేని అందమూ విడిగా కనిపించదు. పెద్ద తోటల్లో, రోడ్డు వరుసల్లో పువ్వూ ఆకూ రెండూ కావాలంటే కత్తిరింపును వంతులుగా పెట్టుకోవడం మంచి పద్ధతి. ఒక భాగాన్ని చదునుగా దిద్ది, దాని పక్క భాగాన్ని వానాకాలం పూర్తయ్యే వరకు కత్తెర తగలకుండా వదలాలి, మరుసటి ఏడు వంతు మార్చాలి. డురాంటా పూలకు సీతాకోకచిలుకలు, తేనెటీగలు విరివిగా వస్తాయి. నిర్వహణ పట్టికలో కత్తిరించే తేదీలతో పాటు కత్తిరించకూడని నెలలను కూడా రాసుకుంటే ఈ పొదలు ఆకుకు ఆకు, పువ్వుకు పువ్వు ఇస్తాయి. దీనికి అదనపు ఖర్చు లేదు, పైగా ఆ నెలల కత్తిరింపు కూలి మిగులుతుంది.